కట్టేదీ తామే, తీర్పు చెప్పేదీ తామే: అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం చరిత్ర

వంతెన కూలితే ఎందుకు కూలిందో చెప్పగలిగేది ఇంజనీర్లే. దాన్ని కట్టిందీ ఇంజనీర్లే. వృత్తి సంఘాల బలం, బలహీనత రెండూ ఇక్కడే పుడతాయి. అమెరికన్ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్, క్లుప్తంగా ఏఎస్‌సీఈ, ఆ దేశంలో ఈనాటికీ నిలిచి ఉన్న జాతీయ ఇంజనీరింగ్ సంఘాల్లో అన్నిటికన్నా పాతది. 1852లో పన్నెండు మందితో మొదలై ఇవాళ లక్షన్నరకు పైగా సభ్యులతో నడుస్తోంది. దాని చరిత్రను అధ్యక్షుల వరుసగానో ఉత్సవాల పట్టికగానో చదివితే అసలు విషయం దొరకదు. తమవాళ్ళ పనిని తామే విచారించాల్సి వచ్చిన ప్రతిసారీ సంఘం ఏం చేసింది, ఏం చేయలేకపోయింది, ఆ తరవాత ఏ నియమం మార్చుకుంది అని చూస్తేనే అది అర్థమవుతుంది.

మొదటి ప్రయత్నాలు ఎందుకు నిలవలేదు

పందొమ్మిదో శతాబ్దం తొలిపాదంలో అమెరికాలో సివిల్ ఇంజనీరు కావాలంటే దారులు చాలా తక్కువ. ఒకటి, వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం. రెండోది, పని జరిగే చోటే నేర్చుకోవడం. 1817–25 మధ్య తవ్విన 363 మైళ్ళ ఈరీ కాలువే ఒక తరం మొత్తానికి బడి అయింది. రెన్సెలార్ విద్యాసంస్థ సివిల్ ఇంజనీరింగ్ పట్టాలు ఇవ్వడం 1835లో గానీ మొదలు కాలేదు. పని ఎక్కడుంటే అక్కడికి వెళ్ళే మనుషులు, ఒకరికొకరు వందల మైళ్ళ దూరం. 1839లో బాల్టిమోర్‌లో నలభై మంది కలిసి జాతీయ సంఘం పెట్టాలనుకున్నారు గానీ అది కాగితం దాటలేదు.

1852 నవంబరు 5న న్యూయార్క్‌లో క్రోటన్ జలవాహిని శాఖ కార్యాలయంలో పన్నెండు మంది కూర్చుని పెట్టిన సంఘం పేరు 'అమెరికన్ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్ అండ్ ఆర్కిటెక్ట్స్'. ఆతిథ్యం ఇచ్చింది ఆ శాఖ చీఫ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ క్రేవెన్. తొలి అధ్యక్షుడు జేమ్స్ లారీ. సివిల్, గని, యంత్ర ఇంజనీర్లకూ వాస్తుశిల్పులకూ తలుపులు తెరిచే ఉంచారు. అయినా అదీ నిలదొక్కుకోలేదు. 1855 నుంచి 1867 దాకా ఒక్క సమావేశమూ జరగలేదు. దీనికి అంతర్యుద్ధాన్ని కారణంగా చెబుతారు కానీ యుద్ధం 1861లో గానీ రాలేదు, సంఘం అప్పటికి ఆరేళ్ళ ముందే మూగబోయింది. అసలు లోపం ఏర్పాటులోనే ఉంది. న్యూయార్క్‌లో జరిగే సమావేశానికి రాగలిగినవాడికి తప్ప మిగతావాళ్ళకు సభ్యత్వం వల్ల ఒరిగేది లేదు. ఒహాయోలో రైలు మార్గం వేస్తున్న ఇంజనీరు చందా కట్టడానికి కారణమే కనబడదు.

1867లో మళ్ళీ లేచాక సంఘాన్ని బతికించింది అచ్చు. 1868లో పేరులోంచి వాస్తుశిల్పులు తప్పుకున్నారు. వాళ్ళకు 1857 నుంచే వేరే సంఘం ఉంది. వ్యాసాలను 'ట్రాన్సాక్షన్స్' సంపుటాలుగా అచ్చువేయడం మొదలైంది. ఈ పద్ధతి వివరంగా చెప్పుకోదగ్గది. సభ్యుడు తన పనిలో చేసిన లెక్కలు, వాడిన సామగ్రి, ఎదురైన ఇబ్బందులు వ్యాసంగా రాసి పంపుతాడు. దాన్ని అచ్చువేసి పంచుతారు. మిగతా సభ్యులు తమ అభ్యంతరాలను, తమ సొంత కొలతలను రాతపూర్వకంగా పంపుతారు. చివర రచయిత వాటికి జవాబు ఇస్తాడు. అన్నీ కలిపి ఒకే సంపుటంలో వస్తాయి. ఎక్కడో మారుమూల పని చేస్తున్నవాడు కూడా ఆ చర్చలో సమానుడే. ఒక లెక్క తప్పని తేలితే ఆ తప్పూ దాని ఖండనా పక్కపక్కనే శాశ్వతంగా ఉంటాయి. మంచి వ్యాసానికి ఇచ్చే నార్మన్ పతకం 1872లో పెట్టారు, 1874లో తొలిసారి ఇచ్చారు. ఆ కాలంలో సంఘం చేసిన పనులన్నిటిలో మిన్న అయింది ఈ అచ్చు చర్చే.

వంతెనలు, ఆనకట్ట

1873 మేలో ఇల్లినాయ్‌లోని డిక్సన్‌లో ఒక ఇనుప వంతెన జనంతో సహా నదిలో పడిపోయింది. వంతెన ప్రమాదాలను ఆపడం ఎలా అని సంఘం వెంటనే ఒక కమిటీ వేసింది. సెయింట్ లూయిస్ వంతెన కట్టిన జేమ్స్ ఈడ్స్ అందులో ఉన్నాడు. 1875లో వచ్చిన ఫలితం ఒక్క నివేదిక కాదు, సభ్యులు వేర్వేరు నివేదికలు ఇచ్చారు. ఎంత బరువుకు వంతెన కట్టాలి, ఎవరు తనిఖీ చేయాలి అన్నచోట ఏకాభిప్రాయం కుదరలేదు. 1876 డిసెంబరు 29న ఒహాయోలోని ఆష్టబ్యులాలో రైలు వెళుతుండగా వంతెన కూలి సుమారు 92 మంది చనిపోయారు. అది 154 అడుగుల హౌ ట్రస్సు, అంటే కడ్డీలను త్రిభుజాలుగా అతికిన చట్రం. మామూలుగా చెక్కతో కట్టే నమూనాను 1865లో పూర్తిగా ఇనుముతో కట్టారు. పోత ఇనుప దిమ్మెలో ఒకచోట పోతలోనే లోపం ఉందని విచారణలో బయటపడింది. ఆ వైఫల్యం మీద సభ్యుడు చార్లెస్ మక్‌డొనాల్డ్ మరుసటి ఏడే సంఘం ముందు వ్యాసం చదివాడు. సాంకేతిక చర్చ ఇంత చురుగ్గా సాగింది. అయినా అదే 1877లో, సభ్యులకు వారి వృత్తి వ్యవహారాల్లో విధులు బోధించడం సంఘానికి తగదని ఒక తీర్మానం కూడా చేశారు. లోహం గురించి ఎంతైనా మాట్లాడతాం, మనిషి బాధ్యత గురించి మాట్లాడం అన్న గీత అక్కడ పడింది.

ఆ గీత ఎంత ఖరీదైనదో 1889 మే 31న కనబడింది. పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ మట్టికట్ట తెగి, దిగువన 14 మైళ్ళ దూరంలో ఉన్న జాన్స్‌టౌన్‌లో 2,200 మందికి పైగా చనిపోయారు. 72 అడుగుల ఎత్తున్న ఆ కట్ట ఒక ధనికుల వేట క్లబ్బుది. ఉక్కు వ్యాపారులు ఆండ్రూ కార్నెగీ, హెన్రీ ఫ్రిక్ అందులో సభ్యులు. కట్టినప్పుడు అడుగున తూములో 24 అంగుళాల ఇనుప గొట్టాలు ఐదు ఉండేవి. క్లబ్బు చేతికి రాకముందే ఒక యజమాని వాటిని పీకించేశాడు, తరవాత మళ్ళీ పెట్టలేదు. కట్ట పైభాగాన్ని తగ్గించారు. మధ్యలో అది కొంత కుంగి కూడా ఉంది. అలుగు దగ్గర చేపలు పోకుండా జాలీలు పెట్టారు.

సంఘం వారం లోపే నలుగురితో కమిటీ వేసింది: జేమ్స్ ఫ్రాన్సిస్, విలియం వర్దెన్, ఆల్ఫాన్స్ ఫ్టెలీ, అప్పటి అధ్యక్షుడు మాక్స్ బెకర్. నివేదిక 1890 జనవరికి సిద్ధమైంది. కానీ దాన్ని బయటపెట్టకుండా ఉంచి, 1891లో చట్టనూగా సమావేశంలో గానీ వెల్లడించలేదు. ఆ మధ్యలో, 1890లో, అధ్యక్షుడిగా ఉన్న విలియం షిన్ ఒకప్పుడు కార్నెగీ ఉక్కు వ్యాపారంలో భాగస్వామి. కట్టను మొదటి నమూనా ప్రకారమే ఉంచినా ఆ వానకు అది తెగేదే అన్నది నివేదిక సారాంశం.

ఈ మాట నిలుస్తుందా అన్నది లెక్కతో చూడాల్సిన విషయం. అలుగు మీదుగా పోయే నీటి పరిమాణానికి సూత్రం ఇచ్చింది ఆ కమిటీలోని ఫ్రాన్సిసే: అలుగు వెడల్పులో ప్రతి అడుగుకూ సెకనుకు 3.33 × నీటి లోతు^1.5 ఘనపుటడుగులు. అలుగు మట్టం నుంచి కట్ట పైభాగం దాకా 10 అడుగులు ఉంటే అడుగు వెడల్పుకు సుమారు 105 ఘనపుటడుగులు పోతాయి. కట్టను 3 అడుగులు తగ్గిస్తే మిగిలేది 7 అడుగులు, అప్పుడు పోయేది సుమారు 62 మాత్రమే. ఎత్తు 30 శాతం తగ్గితే పారే సామర్థ్యం 40 శాతానికి పైగా పోతుంది. పైగా మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే అది కోసుకుపోక తప్పదు. కాబట్టి తగ్గించిన ఒక్కో అడుగూ రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. 2016లో వచ్చిన ఒక పరిశోధన ఆ స్థలాన్ని మళ్ళీ కొలిచింది. కట్టను తగ్గించడం వల్ల ప్రధాన అలుగు సామర్థ్యం బాగా పడిపోయిందనీ, పడమటి అంచున ఉండాల్సిన రెండో అలుగు దాదాపు పనికిరాకుండా పోయిందనీ చెప్పి, 1891 నాటి నిర్ధారణను తోసిపుచ్చింది. కమిటీలో ఉన్నవాళ్ళు అసమర్థులు కారు, ఆ కాలపు జలశాస్త్రంలో వారికి సాటివాళ్ళు తక్కువ. సమర్థత ఒక్కటే విచారణను నమ్మదగినదిగా చేయదు అనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఈ సంఘం చరిత్రలో లేదు.

కార్నెగీ పేరు ఇంకోసారి వస్తుంది. ఇంజనీరింగ్ సంఘాలన్నిటికీ ఉమ్మడి భవనం కట్టుకోమని ఆయన 15 లక్షల డాలర్లు ఇచ్చినప్పుడు యంత్ర, విద్యుత్, గనుల ఇంజనీర్ల సంఘాలు చేరాయి. 1897లోనే 57వ వీధిలో సొంత ఇల్లు కట్టుకున్న ఏఎస్‌సీఈ సభ్యులు వద్దన్నారు. పదేళ్ళు దాటాక గానీ ఆ భవనంలోకి వెళ్ళలేదు. 1996లో సంఘం న్యూయార్క్ వదిలి వర్జీనియాలోని రెస్టన్‌కు మారింది.

నీతి నియమావళిలో ప్రజలు ఎప్పుడొచ్చారు

తొలి నియమావళి 1914లో వచ్చింది. మొత్తం ఆరు అంశాలు. చెప్పిన రుసుము తప్ప వేరే ప్రతిఫలం తీసుకోకూడదు, తోటి ఇంజనీరు పేరు చెడగొట్టకూడదు, అతనికి ఖాయమవుతున్న పనిని లాక్కోకూడదు, రుసుము తగ్గించి పోటీ పడకూడదు, అతనికి తెలియకుండా అతని పనిని సమీక్షించకూడదు, సొంత డబ్బా కొట్టుకునే ప్రకటనలు ఇవ్వకూడదు. ఆరూ ఇంజనీరుకు, ఖాతాదారుకు, సాటి ఇంజనీరుకు మధ్య ఉన్న సంగతులే. వంతెన మీద నడిచే మనిషి ఒక్క అంశంలోనూ లేడు.

రుసుము పోటీ మీద నిషేధం చివరికి న్యాయశాఖ దృష్టిలో పడింది. ధరల పోటీని అడ్డుకోవడం గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధం. 1972లో ఏఎస్‌సీఈ కోర్టులో పోరాడకుండా రాజీ ఉత్తర్వుకు ఒప్పుకుని ఆ నిబంధన తీసేసింది. జాతీయ ప్రొఫెషనల్ ఇంజనీర్ల సంఘం మాత్రం కోర్టులో పోరాడి 1978లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. రుసుము పోటీ పెరిగితే తనిఖీలో కోత పడుతుందన్న ఇంజనీర్ల వాదనలో నిజం లేకపోలేదు. 1972లోనే వచ్చిన బ్రూక్స్ చట్టం ఫెడరల్ పనులకు ముందు అర్హతను బట్టి సంస్థను ఎంచి, తరవాతే ధర మాట్లాడే పద్ధతి పెట్టింది. సంఘం తన నియమంతో కాపాడుకోలేనిదాన్ని ప్రభుత్వం తన కొనుగోలు విధానంతో కాపాడింది.

ప్రజల భద్రత, ఆరోగ్యం, సంక్షేమం అన్నిటికన్నా ముందు అన్న సూత్రాన్ని సంఘం 1976లో స్వీకరించింది. మొదటి నియమావళికి అప్పటికి 62 ఏళ్ళు. 2020 అక్టోబరులో మొత్తం తిరగరాసి ఐదు వర్గాలను వరుసలో పెట్టారు: సమాజం, సహజ–నిర్మిత పర్యావరణం, వృత్తి, ఖాతాదారులు–యజమానులు, తోటివారు. రెండు బాధ్యతలు ఢీకొంటే పైది గెలుస్తుంది. 1914లో జాబితా నిండా ఉన్న సాటి ఇంజనీరు ఇప్పుడు చివర ఉన్నాడు.

సంఘం తలుపు ఎవరికి తెరుచుకుందన్నది ఇంకో లెక్క. నోరా స్టాంటన్ బ్లాచ్ 1905లో కార్నెల్‌లో సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి జూనియర్ సభ్యురాలయ్యింది. జూనియర్ హోదాకు వయోపరిమితి ఉంది. అది దాటాక అసోసియేట్‌గా పైకి తీసుకోవడానికి సంఘం ఒప్పుకోలేదు, పేరు తొలగించింది. 1916లో ఆమె దావా వేసి ఓడిపోయింది. అర్హత పరీక్షలో ఎక్కడా తప్పలేదు, తలుపు దగ్గరే ఆగింది. 1927లో ఎల్సీ ఈవ్స్ ఆ గడప దాటింది. 2004లో పట్రీషియా గాలోవే తొలి మహిళా అధ్యక్షురాలైంది. బ్లాచ్‌కు ఫెలో హోదా 2015లో, మరణానంతరం ఇచ్చారు.

ముద్ర వేసినవాడిదే బాధ్యత

1981 జులై 17న కాన్సాస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడవాలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి ఒకే పొడవాటి కడ్డీ నాలుగో అంతస్తు నడవా గుండా దిగి రెండో అంతస్తు నడవాను కూడా మోస్తుంది. అలా చేయాలంటే కడ్డీకి చాలా పొడవున మరలు కోయాలి. అందుకని తయారీదారు దాన్ని రెండు ముక్కలు చేశాడు: పైకప్పు నుంచి నాలుగో అంతస్తు దూలానికి ఒకటి, ఆ దూలం నుంచి రెండో అంతస్తుకు ఇంకొకటి. చూడటానికి చిన్న మార్పే. కానీ మొదటి పద్ధతిలో నాలుగో అంతస్తు దూలం కింది నట్టు తన నడవా బరువే మోస్తుంది. రెండో పద్ధతిలో కింది నడవా కూడా ఆ దూలానికే వేలాడుతుంది కనుక అదే నట్టు మీద బరువు రెట్టింపు అవుతుంది. సి ఆకారపు రెండు ఉక్కు చానెళ్ళు ఎదురెదురుగా వెల్డు చేసిన ఆ పెట్టె దూలానికి వెల్డు మీదుగానే రంధ్రం పెట్టారు. నట్టు దాన్ని చీల్చుకుని పైకి వచ్చేసింది. మొదటి డిజైన్ కూడా నగర కోడు అడిగిన బలంలో సుమారు 60 శాతమే ఇచ్చేదని విచారణలో తేలింది. మార్పు చూపిన షాపు డ్రాయింగుల (తయారీదారు గీసే వివరాల పటాల) మీద ఆమోదించినట్టు ఇంజనీరు కార్యాలయపు ముద్ర ఉంది. ఆ అతుకు లెక్క ఎవరూ వేయలేదు. తయారీదారు వేశాడని ఇంజనీర్లు, ఇంజనీర్లు వేశారని తయారీదారు అనుకున్నారు.

సంఘం ఇక్కడ తడబడలేదు. డిజైన్ బాధ్యత మొత్తం స్ట్రక్చరల్ ఇంజనీరుదే, అతుకులు ఎవరు గీసినా సరే అన్న వైఖరి తీసుకుంది. యజమాని, డిజైనరు, నిర్మాణదారు ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే నాణ్యతా మార్గదర్శిని తయారుచేసి 1990లో పూర్తి రూపంలో తెచ్చింది. ఒక తేడా గుర్తుంచుకోవాలి. సంఘం సభ్యత్వం తీసేయగలదు, పని చేసే హక్కు తీసేయలేదు. ఆ హక్కు రాష్ట్ర లైసెన్సు బోర్డులది. 1907లో వయోమింగ్ మొదలుపెట్టిన పద్ధతి అది. హయత్ కేసులో లైసెన్సులు రద్దు చేసింది మిస్సోరీ బోర్డే.

2001లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కూలాక సంఘం నిపుణుల బృందం ఫెడరల్ విపత్తు సంస్థతో కలిసి వెళ్ళింది. భవనాల డ్రాయింగులు సమయానికి అందలేదు, ఉక్కు తుక్కుగా వెళ్ళిపోతోంది, సాక్ష్యాన్ని ఆపే అధికారం బృందానికి లేదు. ప్రతినిధుల సభ సైన్సు కమిటీ దీనిపై విచారణ జరిపాక 2002లో భవన వైఫల్యాల విచారణాధికారం జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్‌కు ఇస్తూ చట్టం వచ్చింది. ఆ కమిటీ అధ్యక్షుడు షెర్వుడ్ బోలెర్ట్.

2005లో కత్రినా తుఫానుకు న్యూ ఆర్లీన్స్ కరకట్టలు తెగినప్పుడు ఆ చట్టం కాకుండా పాత దారే పట్టారు. వాటిని కట్టిన ఆర్మీ కోర్ (సైన్యపు ఇంజనీర్ల విభాగం) తనే విచారణ జరిపింది, ఏఎస్‌సీఈ బృందం దాన్ని సమీక్షించింది, సమీక్షకు డబ్బు ఇచ్చిందీ ఆర్మీ కోరే. సమీక్షలోని సాంకేతిక విషయాలు గట్టివి. 17వ వీధి కాలువ గోడ మీదుగా నీరు పొర్లకముందే గోడ పక్కకు జరిగింది. నీటి ఒత్తిడికి గోడ వంగి, నీటి వైపు నేలకూ గోడకూ మధ్య చీలిక పడింది. ఆ చీలికలోకి నీరు దిగి కింది దాకా పూర్తి ఒత్తిడి పెట్టింది. గోడకు రెండు వైపులా ఉన్న మట్టి కలిసి ఆపాల్సింది, ఒక వైపు మట్టే ఆపాల్సి వచ్చింది. డిజైన్‌లో ఈ చీలికను లెక్కలోకి తీసుకోలేదు. ఆపే బలం తోసే బలానికి ఎన్ని రెట్లో చెప్పే భద్రతా గుణకం డిజైన్‌లో 1.3. అది అలాంటి మెత్తటి నేల మీద, అంతమంది ప్రాణాలకు చాలదు. కొన్నిచోట్ల ఎత్తులు కొలిచే ఆధార మట్టంలో గందరగోళం వల్ల గోడలు అనుకున్నదానికన్నా తక్కువ ఎత్తులో ఉన్నాయి.

నివేదిక సరైనదే అయినా దాని వెనుక డబ్బు గురించిన ప్రశ్న ఆగలేదు. సంఘం చివరికి ఒక బయటి బృందాన్ని వేసింది, దానికి నాయకుడు అదే బోలెర్ట్. విచారణకు గురయ్యే సంస్థ నుంచి డబ్బు తీసుకోవద్దు, నిస్ట్ లాంటి మూడో చోటు నుంచి రావాలి అని ఆ బృందం సిఫార్సు చేసింది. సౌత్ ఫోర్క్ నివేదికను బీరువాలో పెట్టిన 1890 నుంచి ఈ మాట రాతలోకి రావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

1998 నుంచి సంఘం ఇస్తున్న మౌలిక వసతుల మార్కుల పత్రం మీదా ఇదే విమర్శ ఉంది. మొదటిసారి 'డి' వచ్చింది, 2021లో 'సి మైనస్', 2025లో 'సి'. పదేళ్ళలో 3.7 లక్షల కోట్ల డాలర్ల లోటు ఉందని 2025 పత్రం చెబుతోంది. ఖర్చు పెరిగితే పని దొరికేది సభ్యులకే కదా అన్న ప్రశ్న సమంజసమైనదే. అందుకే అక్షరాన్ని కాక, వెనకున్న సామర్థ్యం, స్థితి, నిధులు, నిర్వహణ లాంటి ఎనిమిది కొలతల వివరాలను చదవాలి. పత్రికలు అక్షరాన్నే అచ్చువేస్తాయి.

ఏఎస్‌సీఈ 7: సంఘం మాట చట్టం ఎలా అవుతుంది

సంఘం ప్రభావం అన్నిటికన్నా లోతుగా ఉన్నది భవనాలపై భారాల ప్రమాణంలో. 1924లో వాణిజ్య శాఖ కమిటీ కనీస భారాలు చెప్పింది, 1945లో అది ఏ58.1 అనే జాతీయ ప్రమాణమైంది, 1988 నుంచి ఏఎస్‌సీఈ 7 పేరుతో వస్తోంది. స్వీయ భారానికి (కట్టడం సొంత బరువుకు) 1.2, వాడకపు భారానికి (మనుషులు, సామాను బరువుకు) 1.6 రెట్లు కలిపి బలం సరిచూడటం లాంటి నియమాలు ఇందులోవే. కమిటీలో ఉత్పత్తిదారులు, వాడేవాళ్ళు, మిగతావాళ్ళు ఏ ఒక్క వర్గమూ పెత్తనం చేయకుండా ఉండాలి. ప్రతి మార్పుకూ ఓటు పెడతారు, వ్యతిరేక ఓటుకు కారణం రాస్తే దానికి జవాబు చెప్పాలి, తరవాత బయటి ప్రజల అభ్యంతరాలు తీసుకోవాలి. కట్టేవాళ్ళే నియమం రాసుకునే చిక్కుకు సంఘం కనుక్కున్న పరిష్కారాల్లో బాగా పనిచేసింది ఇదే.

అయితే ముద్రించిన రోజే అది చట్టం కాదు. అంతర్జాతీయ భవన కోడు దాన్ని ఉటంకించాలి, ఆ కోడు కూర్పును రాష్ట్రమో నగరమో స్వీకరించాలి. రెండు కూర్పులు కలిపేస్తే ఏమవుతుందో గాలి భారంలో చూడవచ్చు. 2005 కూర్పులో దేశం లోపలి ప్రాంతాలకు గాలి వేగం గంటకు 90 మైళ్ళు, భార గుణకం 1.6. 2010 కూర్పులో అదే మామూలు భవనానికి పటంలో 115 మైళ్ళు, 700 ఏళ్ళకోసారి వచ్చే గాలి, గుణకం 1.0. ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది, 115ను 90తో భాగించి వర్గం చేస్తే 1.63 వస్తుంది. అంటే గుణకాన్ని పటంలోకి మార్చారు, భవనం మీద పడే లెక్క దాదాపు అంతే. పాత పటానికి కొత్త గుణకం వాడితే డిజైన్ భారం దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. కొత్త పటానికి పాత గుణకం వాడితే అక్కర్లేకుండా 60 శాతం పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్లో ఒక గడి కూర్పు మార్చి ఇంకో గడి వదిలేస్తే జరిగేది ఇదే, ముద్ర వేసే ముందు చేత్తో ఒకసారి సరిచూడాల్సిన చోటూ ఇదే.

2022 కూర్పుకు 2023లో వచ్చిన అనుబంధం వరద లెక్కను మార్చింది. మామూలు భవనాలకు 100 ఏళ్ళకోసారి వచ్చే వరద బదులు 500 ఏళ్ళకోసారి వచ్చే వరద, జనం ఎక్కువగా చేరే భవనాలకు 750, ఆసుపత్రుల లాంటి అత్యవసర కట్టడాలకు 1,000 ఏళ్ళ వరద చూడాలి. పాత కోడులోనే ఉన్న నగరంలో మాత్రం, స్థానిక శాసనం మారేదాకా, 100 ఏళ్ళ వరదకు గీసిన డ్రాయింగుకే అనుమతి వస్తుంది.